ఆకాశానికీ టముకు వేస్తారు



2025 మే నెలలో పేపర్లన్నింటిలోనూ ఒక వార్త వచ్చింది. ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలలో పౌర విమానాల రాకపోకలు ఆపివేశారనీ, ఆ నిలుపుదల మే 15వ తేదీ ఉదయం 5 గంటల 29 నిమిషాల దాకా ఉంటుందనీ. పరిస్థితి కుదుటపడి మే 12నే వాటిని తెరిచారు, అది వేరే సంగతి. ఆ వార్త చదివినవాళ్ళలో చాలామందికి ఒక సందేహం కలిగే ఉంటుంది. 5 గంటలూ కాదు, 5న్నరా కాదు, ఈ 5 గంటల 29 నిమిషాలేమిటి? ఎవరైనా సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టారా?

ముహూర్తం కాదు గానీ, దాదాపు అలాంటిదే. దాని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క చెప్పే కాగితం పేరు నోటామ్. విమానం నేల వదలకముందు పైలటు చదివి తీరవలసిన కాగితాలలో అదొకటి. ఇవాళ ఆ కాగితాన్ని ఎలా చదువుతారో, అందులో దారి సంగతులు ఎలా అర్థం చేసుకుంటారో మీతో ముచ్చటిస్తాను. "మాకెందుకమ్మా విమానాల గొడవ?" అంటారేమో. మన పిల్లలు దుబాయిలో ఉన్నారు, డల్లాస్‌లో ఉన్నారు. వాళ్ళు ఎక్కిన విమానం ఏ దారిన వస్తోందో, ఎందుకు చుట్టు తిరిగి వస్తోందో తెలిస్తే మన ఆదుర్దా కొంత తగ్గుతుంది. పైగా ఈ మధ్య "నోటామ్ జారీ అయింది, యుద్ధం రాబోతోంది" అంటూ ఫోన్లలో తిరిగే కబుర్లకు మన గుండెలు దడదడలాడకుండానూ ఉంటాయి.

వెనక మన ఊళ్ళలో టముకు వేసేవారు, గుర్తుందా? "చెరువు కట్ట తెగింది, రేపు పొద్దున్నించీ ఆ దారిని బళ్ళు పోకూడదహో!" అని. అందులో నాలుగు సంగతులు ఉండేవి. ఎక్కడ, ఏమయింది, ఎప్పటినించి, ఎవరికి. నోటామ్ కూడా అచ్చంగా అంతే. ఆకాశానికి వేసే టముకు. సముద్రం మీద ఓడలవాళ్ళకు నోటీసులిచ్చే ఆచారం చాలా పాతది. దాన్ని చూసే విమానాలకూ పెట్టారు. 1944 డిసెంబరు 7న షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం కింద, ఈ నోటీసులు ఏ దేశమైనా ఒకే పద్ధతిలో ఇవ్వాలని నియమాలు ఏర్పడ్డాయి. అందుకే టోక్యోలో రాసిన నోటీసు హైదరాబాదు పైలటుకు అర్థమవుతుంది, మన నోటీసు టోక్యో పైలటుకు అర్థమవుతుంది.

పేరు గురించి ఒక చిన్నమాట. ఇంగ్లీషులో దాని పూర్తి పేరు 'నోటీస్ టు ఎయిర్‌మెన్'. ఎయిర్‌మెన్ అంటే మగవాళ్ళేనా, మరి ఆడ పైలట్లో? ఈ ప్రశ్న రాకపోలేదు. అమెరికా వాళ్ళు 2021 డిసెంబరులో ఆ మాట తీసేసి 'ఎయిర్ మిషన్స్' అని మార్చారు. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ పాత పేరుకే వెళ్ళిపోయారు. పేరు ఏదయినా కాగితం చదివే ఆడపిల్లలు చదువుతూనే ఉన్నారు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందుగా ఆకాశంలో దారుల సంగతి. కిందనుంచి చూస్తే ఆకాశమంతా ఖాళీగా, ఎటు పడితే అటు పోవచ్చుననిపిస్తుంది. అదేం లేదు. పైనా రహదారులున్నాయి. ఒక్కోదానికి ఒక అక్షరం, పక్కన అంకె. మన రోడ్లకు నెంబర్లున్నట్టే. దారిలో మైలురాళ్ళవంటి బిందువులున్నాయి. వాటిలో చాలావాటికి నోటితో పలకడానికి వీలయిన ఐదక్షరాల పేర్లుంటాయి. ఆకాశాన్ని పెద్ద పెద్ద ఇలాకాలుగా కూడా పంచుకున్నారు. మన దేశంలో ముఖ్యమైనవి నాలుగు. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై. మన హైదరాబాదు, విజయవాడ, తిరుపతి చెన్నై ఇలాకా కిందికి వస్తాయి. మన దేశంలో ఈ నోటీసులిచ్చేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. పాఠం కోసం నేను కల్పించిన ఒక నమూనా నోటీసును వరసగా చదువుదాం. ఇది నిజంగా జారీ అయినది కాదు.

మొదటి వరుస 'క్యూ' అనే అక్షరంతో మొదలవుతుంది. అందులో మొదటి మాట 'వి.ఓ.ఎమ్.ఎఫ్.' అంటే చెన్నై ఇలాకా. తరవాత 'క్యూ.ఏ.ఆర్.ఎల్.సి.' అని ఐదక్షరాలు. చూడగానే ఇదేం గోల అనిపిస్తుంది. జంటలుగా విడదీస్తే తేలిక. మొదటి క్యూ కేవలం గుర్తు. తరవాతి రెండక్షరాలు ఏ వస్తువు గురించో చెబుతాయి. చివరి రెండూ దానికేమయిందో చెబుతాయి. 'ఏ.ఆర్.' అంటే విమానాల దారి. 'ఎల్.సి.' అంటే మూసివేత. కలిపి చదివితే, దారి మూశారు. అదే 'ఎమ్.ఆర్.ఎల్.సి.' అని ఉంటే రన్‌వే మూశారని. రైల్వే గైడులో గుర్తులు తెలిసినవాళ్ళు పేజీ తిప్పగానే బండి దొరకబుచ్చుకున్నట్టు, ఈ జంటలు తెలిసిన పైలటు వందల నోటీసుల్లోంచి తనకు కావలసినది ఏరుకుంటాడు.

ఆ వరుసలోనే కొంచెం ముందుకు వెళ్తే ఒంటరిగా ఒక అక్షరం కనిపిస్తుంది. 'ఏ' అని ఉంటే సంగతి విమానాశ్రయానికి సంబంధించినది. 'ఇ' అని ఉంటే దారికి సంబంధించినది. 'డబ్ల్యూ' అని ఉంటే ఆ ప్రాంతంలో కాల్పుల అభ్యాసమో, రాకెట్టో, మరోటో జరుగుతోందన్న హెచ్చరిక. ఈ ఒక్క అక్షరాన్ని బట్టి దీన్ని చదివే తీరు మారుతుంది. మన నమూనాలో 'ఇ' ఉంది.

దాని తరవాత 000, 460 అని రెండంకెలు. ఇవి ఎత్తులు. వీటికి పక్కన రెండు సున్నలు చేర్చుకోవాలి. 460 అంటే 46,000 అడుగులు. 000 అంటే నేల మట్టం నుంచి. ఆ పైన 1343 ఎన్, 08012 ఇ, 050 అని ఉంది. ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల 43 నిమిషాలు, తూర్పు రేఖాంశం 80 డిగ్రీల 12 నిమిషాలు. పటం తీసి చూడండి, మన శ్రీహరికోట. చివరి 050 అంటే ఆ చోటు కేంద్రంగా 50 నాటికల్ మైళ్ళ చుట్టుకొలత అనుకునేరు. కాదు, అది వ్యాసార్ధం. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి, దగ్గరదగ్గర 93 కిలోమీటర్లు. ఇక్కడొక జాగ్రత్త ఉంది. ఈ వృత్తం కంప్యూటరు ఏరుకోవడానికి పెట్టిన గుర్తే గాని, మూసిన ప్రదేశానికి అసలు హద్దు ఇది కాదు. అసలు హద్దులు కింద 'ఇ' అనే పేరాలో మాటల్లో రాస్తారు. వృత్తం చూసి ఊరుకున్నవాడు సగమే చదివినట్టు.

ఇక 'ఏ' పేరాలో చోటు, 'బి' పేరాలో మొదలు, 'సి' పేరాలో ముగింపు. నమూనాలో 'బి' పక్కన 2603100430 అని పదంకెలున్నాయి. రెండేసి చొప్పున విడదీయండి. 26 సంవత్సరం, 03 నెల, 10 తేదీ, 04 గంటలు, 30 నిమిషాలు. 'సి' పక్కన 2603140830. అంటే 14వ తేదీ 8 గంటల 30 నిమిషాలు.

ఏ ఊరి గంటలవి? అసలు మెలిక ఇక్కడుంది. మనింట్లో పంచాంగం చూసేటప్పుడు పెద్దవాళ్ళు ఏం చెబుతారు? ఏ ఊరి సూర్యోదయానికి గుణించారో చూసుకొని మరీ వర్జ్యం లెక్క కట్టాలంటారు. నోటామ్‌లో గంటలన్నీ ఒకే ప్రపంచకాలంలో ఉంటాయి. మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. కాబట్టి 4 గంటల 30 నిమిషాలకు 5న్నర గంటలు కలిపితే మన ఉదయం 10. ఎనిమిదిన్నరకు కలిపితే మన మధ్యాహ్నం 2. రాత్రి వేళలయితే తేదీ కూడా మారిపోతుంది. ప్రపంచకాలంలో 10వ తేదీ 19 గంటలంటే మనకు 11వ తేదీ రాత్రి 12న్నర.

ఇప్పుడు ఆ 5 గంటల 29 నిమిషాల ముడి మీరే విప్పండి. 2025 మే 14 అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు, అంటే ప్రపంచకాలం 23 గంటల 59 నిమిషాలు. దానికి 5న్నర గంటలు కలపండి. మే 15 ఉదయం 5 గంటల 29 నిమిషాలు. తేలిపోయింది కదూ! అదే సంవత్సరం ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది. ఏప్రిల్ 30న మనవాళ్ళూ అలాగే మూశారు. నెలనెలా ఆ గడువు పొడిగించినప్పుడల్లా పేపర్లలో ఈ 5 గంటల 29 నిమిషాలే కనబడుతూ వచ్చింది. కారణం ఇదే.

మన నమూనాలో ఇంకో పేరా ఉంది, 'డి'. అందులో "ప్రతిరోజూ 0430 నుంచి 0830" అని ఉంది. 'బి', 'సి' మాత్రమే చదివినవాడు దారి 10 నుంచి 14 వరకూ నాలుగు రోజులపాటు రాత్రింబవళ్ళు మూతబడింది అనుకుంటాడు. 'డి' కూడా చదివినవాడికి, ఆ ఐదు తేదీల్లోనూ రోజుకు నాలుగు గంటలే మూత అని తెలుస్తుంది. ముగింపు దగ్గర 'ఇ.ఎస్.టి.' అన్న అక్షరాలుంటే ఆ వేళ అంచనా మాత్రమే. ఆ వేళ దాటింది కదా అని దారి తెరుచుకుందనుకోకూడదు. రద్దు చేస్తూనో మారుస్తూనో ఇంకో నోటీసు రావాలి. 'పి.ఇ.ఆర్.ఎమ్.' అని ఉంటే శాశ్వతం. నోటీసు నెంబరు పక్కన 'ఎన్' ఉంటే కొత్తది, 'ఆర్' ఉంటే పాతదాని బదులు వచ్చినది, 'సి' ఉంటే పాతదాన్ని రద్దు చేసినది. నిన్నటి కాగితం చేతిలో పట్టుకొని ఇవాళ బయలుదేరడమంటే నిరుటి పంచాంగంతో ఈ ఏటి పెళ్ళి ముహూర్తం పెట్టుకోవడమే.

చదవడం అయింది. ఇక దాన్ని దారికి అన్వయించుకోవాలి. విశాఖపట్నం నుంచి చెన్నైకి కోస్తా వెంబడి ఒక విమానం ఉదయం 9 గంటల 15 నిమిషాలకు బయలుదేరుతుందనుకోండి. బయలుదేరేటప్పటికి దారి తెరిచే ఉంది. కాని శ్రీహరికోట ప్రాంతానికి చేరేసరికి 10 గంటలు దాటుతుంది. అప్పటికి దారి మూతబడుతుంది. అందుకే పైలటు తాను నేల వదిలే వేళను కాక, ఒక్కొక్క బిందువు దగ్గర తాను ఉండబోయే వేళను నోటీసుతో సరిచూసుకోవాలి. దారి పొడుగునా బిందువు తరవాత బిందువు, ఇలాకా తరవాత ఇలాకా. వేళతో పాటు తాను ఎగిరే ఎత్తునూ నోటీసులోని ఎత్తులతో పోల్చుకోవాలి. తనకు తగిలితే మూడు మార్గాలు. అరగంట ముందు బయలుదేరడం, ఆగి మధ్యాహ్నం 2 తరవాత పోవడం, లేదా పడమటి వైపుగా చుట్టు తిరిగి పోవడం.

చుట్టు తిరగడమంటే మాటలు కాదు. ఎక్కువ దూరానికి ఎక్కువ ఇంధనం కావాలి. ఇంధనం ఎక్కువ పోస్తే విమానం బరువెక్కుతుంది. ఆ బరువు మోయడానికి మళ్ళీ ఇంకొంత ఇంధనం. బరువుకు హద్దు ఉంది కాబట్టి ఒక్కోసారి సామానో, మనుషులో తగ్గాలి. దిగవలసిన చోట దిగలేకపోతే పోవడానికి మరో విమానాశ్రయం ముందే అనుకోవాలి. ఆ విమానాశ్రయం నోటీసులూ చదవాలి. చివరికి జెట్ విమానానికి ఇంకో 30 నిమిషాల ఇంధనం ముట్టకుండా మిగలాలి. ఈ లెక్కలన్నీ నేల మీద ఉండగానే తేలాలి. పైకి వెళ్ళాక పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కోసం పక్కింటికి పరుగెత్తినట్టు చెయ్యడానికి వీల్లేదు.

2019లో ఏమయిందో చూడండి. ఫిబ్రవరి 27న పాకిస్తాన్ తన ఆకాశం మూసింది. జులై 16 దాకా తెరవలేదు. ఆ కాలంలో ఇండిగో వారి ఢిల్లీ-ఇస్తాంబుల్ విమానం ఇంధనం కోసం దోహాలో దిగవలసి వచ్చింది. ఎయిర్ ఇండియాకు జులై 2 నాటికే 491 కోట్ల రూపాయల నష్టమని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. 2025లో మళ్ళీ మూసినప్పుడు అల్మాటీ, తాష్కెంట్ వంటి ఊళ్ళకు ఇండిగో తన విమానాలనే ఆపుకుంది. ఒక కాగితంలో నాలుగు వరుసలు. దాని వెనక ఎన్ని టిక్కెట్లు, ఎన్ని ఎదురుచూపులు!

డబ్బు పోతే పోయింది, సంపాదించుకోవచ్చు. ప్రాణాల మాట ఏమిటి? ఇప్పుడు చెప్పబోయేది బాధ కలిగించే సంగతే గాని, చెప్పక తప్పదు. 2014లో తూర్పు ఉక్రెయిన్‌లో యుద్ధం సాగుతోంది. ఆ జులై 14న ఉక్రెయిన్ అధికారులు ఆ ప్రాంతంలో 32,000 అడుగులకు కిందుగా పౌర విమానాలు ఎగరకూడదని నోటీసు ఇచ్చారు. జులై 17న మలేషియా ఎయిర్‌లైన్స్ 17వ నెంబరు విమానం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి కౌలాలంపూరు వెళ్తూ ఆ ప్రాంతం మీదుగా 33,000 అడుగుల ఎత్తున ఎగిరింది. అంటే మూసిన హద్దుకు వెయ్యి అడుగులు పైన. నోటీసు ప్రకారం తప్పేమీ లేదు. కాని కిందనుంచి వచ్చిన క్షిపణికి 32,000, 33,000 అన్న తేడా ఏం తెలుసు? పసిపిల్లలతో సహా 298 మంది చనిపోయారు.

దర్యాప్తు చేసిన డచ్ సేఫ్టీ బోర్డు 2015 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. ఆ రోజు ఆకాశం పూర్తిగా మూసేలోపల ఆ ప్రాంతం మీదుగా 160 విమానాలు ఎగిరాయని అందులో ఉంది. ఆ నోటీసులో ఎత్తు చెప్పారు గాని ఎందుకు మూస్తున్నారో కారణం స్పష్టంగా చెప్పలేదని కూడా వారు గుర్తించారు. నా దృష్టిలో ఈ ప్రసంగానికంతటికీ ఇదే ప్రాణం. అంకెలు చదవగానే సరిపోదు, అమ్మా. మూడు రోజుల కిందట ఉన్నట్టుండి హద్దు 32,000కి ఎందుకు పెంచారు? అంతకుముందు జూన్‌లో 26,000 అడుగులే కదా? ఇంతలో ఏమయింది? ఈ ప్రశ్న అడగాలి. ఇంట్లో పిల్లవాడికి నిన్న నూరు, ఇవాళ నూట రెండు జ్వరం ఉంటే మనం నూట రెండనే అంకెను మాత్రమే చూసి ఊరుకుంటామా? ఎందుకు పెరుగుతోందని కంగారుపడి డాక్టరు దగ్గరకు పరుగెత్తమూ?

మరొకటి, నోటీసు ఎవరికి వర్తిస్తుందో కూడా చూడాలి. 2020 జనవరి 8 తెల్లవారుజామున, ఇరాన్-అమెరికాల మధ్య ఉద్రిక్తత ముదిరిన రాత్రి, తమ దేశపు విమాన సంస్థలు ఇరాన్ ఆకాశంలోకి పోరాదని అమెరికా నోటీసు ఇచ్చింది. అది అమెరికా సంస్థలకే వర్తిస్తుంది. ఇరాన్ మాత్రం తన ఆకాశం మూయలేదు. కొన్ని గంటలకే టెహ్రాన్ నుంచి లేచిన ఉక్రెయిన్ విమానాన్ని ఇరాన్ దళాలు పొరపాటున కూల్చేశాయి. 176 మంది పోయారు. ఇరుగింటివారి గోడ మీద అంటించిన హెచ్చరిక మనకు కాదని చదవకుండా పోవడం ఎప్పుడూ క్షేమం కాదు. మనకు చట్టప్రకారం వర్తించకపోయినా, మన వివేకానికి వర్తిస్తుంది.

అలాగని దోషమంతా చదివేవాళ్ళదేనా? రాసేవాళ్ళూ ఆలోచించాలి. 2017 జులై 7 రాత్రి శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా విమానం ఒకటి దిగబోతోంది. పక్కపక్కన ఉన్న రెండు రన్‌వేలలో ఒకటి ఆ రాత్రి మూసి, దీపాలు ఆర్పేశారు. ఆ సంగతి నోటీసుల్లో ఉంది. కాని కాగితాల కట్టలో ఎక్కడో మధ్యన. పైలట్లు వెలుగుతున్న రన్‌వేను మూసినదనుకొని, దాని పక్కనున్న టాక్సీ దారిని రన్‌వే అనుకొని దిగబోయారు. అక్కడ ప్రయాణికులతో నిండిన నాలుగు విమానాలు బయలుదేరడానికి వరుసగా నిలబడి ఉన్నాయి. నేలకు సుమారు 60 అడుగుల దాకా దిగి, ఆఖరి క్షణంలో పైకి లేచింది. ఎవరికీ గీత పడలేదు. దర్యాప్తు చేసినవారు 2018లో, ఈ నోటీసులు అందించే తీరే బాగాలేదనీ, ముఖ్యమైనది అల్పవిషయాల్లో మునిగిపోతోందనీ గట్టిగా చెప్పారు.

మనకీ అనుభవమే కదా. ఇంటికొచ్చిన శుభలేఖ ఎంత పెద్దదయినా వెతికేది ముహూర్తం, వేదిక. ఆ రెండూ బంధువుల పేర్ల మధ్య చిక్కుకుపోతే పెళ్ళికి ఆలస్యంగా వెళ్తాం, అంతే. విమానానికి అలా కుదరదు. అందుకే అనుభవజ్ఞులు కట్టను మూడు రాశులుగా విడదీస్తారు. నా ప్రయాణాన్నే ఆపేసేవి, నా దారిని గానీ ఇంధనాన్ని గానీ మార్చేవి, తెలిసి ఉంటే చాలనిపించేవి. మొదటి రెండు రాశుల్నీ ఎర్ర పెన్సిలుతో గీసి పెట్టుకుంటారు. ఈ కాగితాలు అసలు అందకపోతే ఏమవుతుందో 2023 జనవరి 11న అమెరికాలో తెలిసింది. మరమ్మత్తు చేసేవారు పొరపాటున కొన్ని ఫైళ్ళు చెరిపేయడంతో నోటామ్ యంత్రాంగం మూగబోయింది. అంత పెద్ద దేశంలో ఆ పొద్దున విమానాలన్నిటినీ బయలుదేరనివ్వకుండా కాసేపు నిలిపేశారు. చదవవలసింది చదవకుండా లేవకూడదన్న నియమం అంత గట్టిది.

ఇప్పుడు ఫోన్ల సంగతి. "బంగాళాఖాతంలో నోటామ్! ఏదో జరగబోతోంది!" అని ఎర్రటి పటం వేసి పంపుతారు. పంపినాయన పేరుండదు. మీరు కంగారుపడకండి, నేర్చుకున్న పాఠం వాడండి. సంవత్సరం చూడండి, పాత నోటీసును కొత్తగా తిప్పుతున్నారేమో. వేళకు 5న్నర గంటలు కలపండి. రోజంతానా, నాలుగు గంటలేనా చూడండి. ఒడిశా తీరాన అబ్దుల్ కలాం దీవి నుంచి క్షిపణి పరీక్షలు జరుగుతూనే ఉంటాయి. మన శ్రీహరికోట నుంచి రాకెట్లు పోతూనే ఉంటాయి. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది కూడా అక్కడినుంచే. అలాంటి వేళల్లో విమానాలనూ, ఓడలనూ పక్కకు తప్పుకోమని చెప్పడం మామూలే. టముకు వేశారంటే ఊరు మునిగిపోయిందని అర్థం కాదు. మునగకుండా ముందే చెప్పారని అర్థం. మే 2025 వంటి రోజులు వస్తే ఆ సంగతి మనకు ప్రభుత్వమే చెబుతుంది. ప్రయాణం ఉంటే విమాన సంస్థకు ఫోను చేసి కనుక్కోండి. నోటీసు చదివి ప్రయాణం మానాలో వద్దో మనం తేల్చవలసిన పని లేదు. దానికి చదువుకున్నవాళ్ళున్నారు.

ఆ చదువుకున్నవాళ్ళలో మన ఆడపిల్లలున్నారని ముందే అన్నాను. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఎవరో తెలుసా? మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1985 నవంబరులో సౌదామినీ దేశ్‌ముఖ్ నాయకత్వాన అందరూ ఆడవాళ్ళే ఉన్న బృందం కలకత్తా నుంచి సిల్చార్‌కు విమానం నడిపింది. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవారే, శివానీ మన్హాస్ శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ఉత్తరధ్రువం మీదుగా వచ్చారు. ఆ మంచుదారిలో అవసరమొస్తే ఎక్కడ దిగాలి, ఆ విమానాశ్రయం ఆ వేళకు తెరిచి ఉందా లేదా అన్నదంతా బయలుదేరకముందే ఇలాంటి కాగితాల్లో చూసుకోవాలి. పైలట్లే కాదు, నేల మీద కూర్చుని విమానానికి దారి, ఇంధనం లెక్కకట్టే డిస్పాచర్లున్నారు. లెక్కలు, భౌతికశాస్త్రం ఇష్టంగా చదివే అమ్మాయి మీ ఇంట్లో ఉంటే ఇలాంటి ఉద్యోగాలున్నాయని ఆమె చెవిన వెయ్యండి. ఓపికగా చివరి వరుస దాకా చదివే అలవాటు, "ఇది ఎందుకు మారింది?" అని అడిగే అలవాటు ఉన్న పిల్లకు ఈ పనిలో మంచి పేరు వస్తుంది.

మీ అబ్బాయో అమ్మాయో ఈసారి ఫోన్లో "అమ్మా, విమానం చుట్టు తిరిగి వస్తోందిట, రెండు గంటలు ఆలస్యం" అంటే విసుక్కోకండి. ఆ విమానం నేల వదలకముందే ఎవరో ఒకరు కాగితం ముందు కూర్చుని, వేళ సరిచూసి, ఎత్తు సరిచూసి, దగ్గరిదారి క్షేమం కాదని తేల్చుకున్నారన్నమాట. భోజనం మూతపెట్టి ఉంచండి. ఆలస్యమైనా పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారు.